నిన్ననే బయలుదేరిన ప్రయాణికులు

మంగళవారం పొద్దున గంగాధరప్ప పెట్టుకున్న పని ఒకటే. రెండు జొన్నరొట్టెలు తిని, వరండాలో కుర్చీ వేసుకుని, బస్సులో సీట్ల మీద కోళ్ళ గంపలు పెట్టకూడదని ఒక సర్క్యులర్ రాయాలి. కిందటి వారం సోమందేపల్లి దగ్గర ఒక పుంజు గంపలోంచి తప్పించుకుని డ్రైవరు నెత్తి మీద నిలబడింది. డ్రైవరు పోతులయ్య బస్సును రోడ్డు మీదే ఉంచాడు గాని, ఆ రోజు నుంచి టోపీ లేకుండా బండి ఎక్కడం మానేశాడు.

గంగాధరప్ప "పెన్నా ప్రాంత రవాణా, అభివృద్ధి సహకార సంఘం" అధ్యక్షుడు. సంఘం పేరు ఎంత పొడుగో ఆస్తి అంత పొట్టి. ఉన్నది ఒక్క బస్సు. పొద్దున ఆరున్నరకు హిందూపురంలో బయలుదేరి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి, సాయంత్రానికి తిరిగి వస్తుంది. రవాణా అంటే ఆ బస్సు లోపలి భాగం, అభివృద్ధి అంటే దాని పైకప్పు. ధర్మవరం పట్టుచీరల మూటలు ఆ పైకప్పు మీదే హిందూపురానికి వస్తాయి. హిందూపురం బెల్లమూ చింతపండూ దాని మీదే ధర్మవరం పోతాయి. మగ్గం దిగిన చీర మర్నాటికి అంగట్లో ఉంటే నేతగాడు ఎవరి గడపా తొక్కనక్కరలేదని గంగాధరప్ప ప్రతి సభలోనూ చెప్పేవాడు. చెప్పడమే కాదు, నిజంగా నమ్మేవాడు కూడా.

ఆ నమ్మకం వెనక వాళ్ళమ్మ నారాయణమ్మ ఉంది. అతని చిన్నతనంలో ఆమెకు విషజ్వరం వస్తే ఎద్దులబండిలో పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. ఆమె బతికింది గాని, ఆ బండి ప్రయాణం గురించి తర్వాత ముప్పై ఏళ్ళు చెబుతూనే ఉండేది. ఆ ముప్పై ఏళ్ళూ విన్నవాడు బస్సు సంఘం పెట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆరేళ్ళు ఊరూరా తిరిగి, పల్లెల్లో వాటాదార్లను చేర్చి, వేరుసెనగ వ్యాపారం తమ్ముడికి వదిలేసి, గంగాధరప్ప ఆ బస్సును రోడ్డు మీదికి తెచ్చాడు. తెచ్చిన నాటి నుంచి దాని మీద సర్క్యులర్లు రాస్తూనే ఉన్నాడు. ఇప్పటికి నలభై అయ్యాయి. వాటిని చదివేవాడు సంఘం మొత్తానికి ఒక్కడే, కండక్టరు ఈరన్న. అన్నింటినీ దారంతో కుట్టి టికెట్ల సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. అక్షరం పొల్లు పోకుండా పాటిస్తాడు.

నలభై ఒకటో సర్క్యులర్ మొదటి వాక్యం రాస్తుండగా తపాలా మనిషి అనంతపురం నుంచి వచ్చిన కవరు ఒకటి ఇచ్చి పోయాడు. గంగాధరప్ప చదివాడు. తర్వాత లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అట్లా నిలబడే ఉన్నాడు.

భార్య నాగేంద్రమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఏమయింది? క్యాలెండరును అట్ల తినేట్టు చూస్తాండావు."

"ఆఫీసరు వస్తాండాడు. గురువారం మన బస్సు ఎక్కి సీట్లు ఎంతమాత్రం నిండుతాయో లెక్క చూస్తాడంట. సగం నిండకుంటే పర్మిట్టు గుడిబండ నారాయణప్పకు ఇచ్చేస్తారంట."

"నీ బస్సు దినామూ కిటకిటలాడుతా పోతుంది గదా. భయమెందుకు?"

"గురువారం అమావాస్య గదా."

నాగేంద్రమ్మ కూడా క్యాలెండరు వైపు తిరిగింది. అమావాస్య నాడు ఆ ప్రాంతంలో ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. ప్రయాణానికి గడప దాటరు. ఆ రోజు సంఘం బస్సులో ఉండేది పోతులయ్య, ఈరన్న, గాలి. ఆఫీసులో ఇంగ్లీషు తేదీలు చూసుకుని రోజు నిర్ణయించినవాళ్ళకు ఈ సంగతి ఏం తెలుస్తుంది? రోజు మార్చమని రాద్దామా అంటే ఉత్తరం అనంతపురం చేరేలోపల గురువారం వచ్చి పోతుంది. గుడిబండ నారాయణప్పకు మడకశిర మీదుగా హిందూపురం వచ్చే బస్సు ఒకటి ఉంది. పర్మిట్టు రాకముందే ఆయన దాని పక్కన "హిందూపురం – పెనుకొండ – ధర్మవరం" అని రంగుతో రాయించుకున్నాడని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆయన బస్సు దారిలో పల్లెల దగ్గర ఆగదు. పైకప్పు మీద చీరల మూటలు ఎక్కించదు.

"దీనికి ఇంత ఆలోచనెందుకు?" అంది నాగేంద్రమ్మ. "పరస్తానం పెట్టిచ్చు."

ప్రస్థానమంటే తెలియనివాళ్ళు ఆ పల్లెల్లో లేరు. చెడ్డరోజున ప్రయాణం తప్పకపోతే, ముందురోజు మంచి గడియలో బట్టల మూట కట్టి, అందులో రెండు తమలపాకులు, ఒక వక్క, నాలుగు పసుపు అక్షతలు పెట్టి పక్కింట్లో ఉంచుతారు. మూట ఇల్లు దాటితే మనిషి బయలుదేరినట్లే లెక్క. తర్వాత మూన్నాళ్ళ లోపల ఎప్పుడు పోయినా దోషం లేదు. మూటను మాత్రం ప్రయాణం కాకుండా వెనక్కి ఇంటికి తేకూడదు.

"మా నాయన కోర్టు వాయిదాకు అమావాస్య నాడు పోవాల్సి వచ్చె. ముందు దినమే పరస్తానం పెట్టి పోయినాడు. కేసు గెలిచినాడు," అంది నాగేంద్రమ్మ.

"గెలిచినాడా?"

"రాజీ అయినాడు."

గంగాధరప్పకు అంత చాలు. కోళ్ళ కాగితం చించేసి కొత్త కాగితం తీసుకున్నాడు. సర్క్యులర్ నంబరు నలభై ఒకటి ఈ విధంగా తయారైంది. ఒకటి: గురువారం ధర్మవరంలో సభ్యుల అభివృద్ధి సమావేశం జరుగును, వడ పాయసములతో భోజనం కలదు. రెండు: అమావాస్య అగుటచే సభ్యులు బుధవారం తొమ్మిదిన్నరకు ప్రస్థానం పెట్టవలెను. తలా ఒక ఇంట్లో పెట్టినచో గందరగోళమగును కావున బస్సునే పక్కిల్లుగా భావించి ఎవరి సీటులో వారు మూట ఉంచవలెను. మూడు: మూట ఉంచినవారికి అప్పుడే టికెట్టు ఇవ్వబడును. అక్కడితో ఆపితే బాగుండేది. కాని మూడు నిబంధనలు బోసిగా కనిపించాయి. నాలుగోది కూడా రాశాడు: మూట యజమాని వచ్చువరకు దానిని కదుపుటకుగాని, ఆ సీటులో మరొకరిని కూర్చుండబెట్టుటకుగాని ఎవరికిని అధికారము లేదు. కింద సంతకం పెట్టి, బాగుందనుకున్నాడు.

ఆ రోజంతా సైకిలు మీద తిరిగి ఇంటింటికీ చెప్పాడు. అభివృద్ధి సమావేశం అన్నప్పుడు ఎవరి ముఖంలోనూ కదలిక లేదు. పాయసం అన్నప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ధర్మవరంలో నేతగాళ్ళ పెద్ద రంగప్పకు వంట సంగతి కబురు పంపాడు.

బుధవారం బస్సుకు గ్రీజు పెట్టే రోజు. షెడ్డులోనే ఉంటుంది. తొమ్మిదిన్నరకు మూటలు రావడం మొదలైంది. ముసలి తిప్పమ్మ పోయిన మొగుడి గొడుగు తెచ్చి, దానికి బొట్టు పెట్టి, ముందు వరసలో ఆనించింది. చౌడక్క దుప్పటి మూటను పక్క సీటులో పెట్టింది. ఒకాయన ట్రంకు పెట్టె తెచ్చాడు, ఇంకొకాయన చుట్టిన చాప. యల్లక్క చీర మూటతో పాటు, ధర్మవరంలో ఉన్న కూతురికని ఒక కోడిని గంపలో పెట్టి తెచ్చి సీటు మీద ఉంచింది. కోళ్ళ సర్క్యులర్ ఇంకా రాలేదు కాబట్టి ఈరన్న ఏమీ అనలేదు. చివర్లో ట్రావెలర్స్ బంగళా కావలివాడు ఒక ఖాకీ సంచి తెచ్చి, "బంగళాలో దిగిన అయ్యగారు ఎవరో పంపించినాడప్పా" అని టికెట్టు తీసుకుని, మూడో వరసలో కిటికీ పక్కన పెట్టి పోయాడు. దాంతో ముప్పై రెండు సీట్లూ నిండాయి.

"మరి నాకు?" అన్నాడు గంగాధరప్ప.

"మీకు సీటు లేదు ప్రెసిడెంటు సార్," అన్నాడు ఈరన్న. గంగాధరప్పకు అంత సంతోషం కలిగించిన మాట ఈ మధ్య ఎవరూ అనలేదు. రాత్రి హాయిగా నిద్రపోయాడు.

గురువారం ఆరు గంటలకు షెడ్డుకు పోయేసరికి బస్సు కడిగి, బొట్టు పెట్టి, సిద్ధంగా ఉంది. పోతులయ్య టోపీతో ఉన్నాడు. ఈరన్న సంచితో ఉన్నాడు. మూటలు ఎక్కడివక్కడ ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు.

"యాడ ఈరన్నా జనం?"

"ఎవురూ రాలే సార్."

గంగాధరప్ప పరుగులాంటి నడకతో పక్క వీధిలో ఉన్న తిప్పమ్మ ఇంటికి పోయాడు. ఆమె నింపాదిగా గడపకు పసుపు రాస్తూ ఉంది.

"ఏమవ్వా, టైమయింది. రా, పోదాం."

"నేను బయలుదేరినా గదప్పా, నిన్ననే."

"బయలుదేరితే చాలునా? బస్సు ఎక్కల్ల గదా."

"పరస్తానం పెట్టినాక మూన్నాళ్ళ లోపల ఎప్పుడు పోయినా పోయినట్లే. అమావాస్య నాడే పోవల్లని ఏముండాది? రేపు శుక్రవారం, మంచి దినం. రేపు వస్తాలే."

"అవ్వా, బస్సు ఈ పొద్దు పోతుంది."

తిప్పమ్మ జాలిగా చూసింది. "యాడికి పోతుందప్పా? మా మూటలన్నీ దాంట్లోనే ఉండాయి. మూటల్ని ఇడిసిపెట్టి మనుషులు పోతారు గాని, మనుషుల్ని ఇడిసిపెట్టి మూటలు పోతాయా?"

మిగతా ముప్పై మందీ ఇదే మాట అనుకుని ఇంట్లో కూర్చున్నారని గంగాధరప్పకు ఆ గడప ముందే అర్థమైంది. వాళ్ళ తర్కంలో తప్పు పట్టడానికి కూడా అతనికి ఏమీ దొరకలేదు. మళ్ళీ షెడ్డుకు వచ్చేసరికి సన్నగా, పొడుగ్గా, నల్లకోటు వేసుకున్న ఒకాయన బస్సు మెట్టు మీద నిలబడి ఈరన్నతో మాట్లాడుతున్నాడు. మాట తీరు కోస్తా వైపుది. ఆఫీసరే.

"బస్సు ఖాళీగా ఉందేమిటి?" అన్నాడు ఆఫీసరు.

"ఖాళీ లేదు సార్. సీట్లన్నీ అయిపోయినాయి."

"మనుషులేరీ?"

"బయలుదేరినారు సార్."

"ఎప్పుడు?"

"నిన్న."

ఆఫీసరు కాసేపు ఈరన్న ముఖంలోకి చూశాడు. ఈరన్న ముఖంలో నిజాయితీ తప్ప మరేమీ లేదు. గంగాధరప్ప మధ్యలోకి వచ్చి, నమస్కారం పెట్టి, సభ్యులు దారిలో ఉన్నారని, ఒక అరగంట ఆగితే వస్తారని చెప్పాడు. ఆఫీసరు జేబు గడియారం తీశాడు. "ఆరున్నర అని మీరే కదా టైమ్ టేబులు ఇచ్చారు. ఆరున్నర అయింది. పోనివ్వండి."

పోతులయ్య పోనిచ్చాడు. ఆఫీసరు ఒక సీటు దగ్గర వంగి చాప చుట్టను పక్కకు జరపబోయాడు. ఈరన్న అడ్డం వచ్చాడు.

"జరపకూడదు సార్. నలభై ఒకటో సర్క్యులర్, నాలుగో నిబంధన."

"ఎవరిచ్చిన సర్క్యులర్ అది?"

ఈరన్న దారం కట్టిన కట్ట విప్పి సంతకం చూపించాడు. ఆఫీసరు సంతకాన్ని చూసి గంగాధరప్ప వైపు చూశాడు. గంగాధరప్ప కిటికీలోంచి పొలాల వైపు చూశాడు. చివరికి అనంతపురం నుంచి వచ్చిన ఆఫీసరు పోతులయ్య పక్కన, సెగలు కక్కుతున్న ఇంజను మూత మీద, జేబురుమాలు పరుచుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మూటలు మెత్తగా సీట్ల మీద ఊగుతూ వచ్చాయి. యల్లక్క కోడి అప్పుడప్పుడు గంపలోంచి తల బయటపెట్టి ఆఫీసరును పరిశీలించింది. ఆఫీసరు కూడా ఎందుకో మాటిమాటికీ వెనక్కి తిరిగి మూడో వరస వైపు చూస్తూ ఉన్నాడు. ఖాళీ సీట్లు లెక్కపెడుతున్నాడనుకుని గంగాధరప్ప ప్రతిసారీ కుంగిపోయాడు.

సోమందేపల్లి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యెత్తారు. కుళ్ళాయమ్మ, ఆమె కూతురు నాగమ్మ. కూతురికి నెలలు నిండాయి, పొద్దుటి నుంచి నొప్పులు వస్తున్నాయి, పెనుకొండ ఆసుపత్రికి పోవాలి. కాన్పుకు అమావాస్య ఉండదు.

"సీట్లు లేవమ్మా," అన్నాడు ఈరన్న. ఆ మాట అనడం అతనికి ఇష్టం లేదని గొంతులోనే తెలుస్తోంది.

కుళ్ళాయమ్మ మెట్టెక్కి లోపలికి తొంగి చూసింది. "ఏమబ్బా, మూటలు కూచోనుండాయి. మనుషులు నిలబడల్లనా?"

గంగాధరప్పకు ఒక్కసారిగా సిగ్గేసింది. తలెత్తి ఆ పిల్ల ముఖం చూడలేకపోయాడు. ఎవరి కోసం ఆరేళ్ళు తిరిగాడో వాళ్ళే వచ్చి నిలబడితే, తన చేత్తో రాసిన కాగితమే వాళ్ళకు అడ్డం పడింది. అమ్మ బతికి ఉంటే ఎద్దులబండి కథ ఆపేసి ఈ కథ మొదలుపెట్టి ఉండేది.

"ఈరన్నా, ఆ కాగితం ఈడికి తే," అన్నాడు.

ఈరన్న తెచ్చాడు. గంగాధరప్ప పెన్సిలు అడిగి, కాగితాన్ని బస్సు తలుపుకు ఆనించి, నాలుగో నిబంధన కింద, "ఇది ఆసుపత్రికి పోవువారికి వర్తించదు" అని రాసి సంతకం పెట్టాడు. అలవాటు కొద్దీ తేదీ కూడా వేశాడు.

"ఈ ముక్క కోసమే చూస్తాండా సార్," అని ఈరన్న తిప్పమ్మ గొడుగునూ చౌడక్క మూటనూ ఎత్తి చంకలో పెట్టుకుని, ఆ రెండు సీట్లలో తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టాడు. పోతులయ్య గుంత కనిపించిన ప్రతిచోటా బస్సును నడకలో పోనిచ్చాడు. ఆఫీసరు నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. ఆయన ఆసుపత్రికి పోయే మనిషి కాడు కాబట్టి ఇంజను మూత మీదే ఉండిపోయాడు.

పెనుకొండలో తల్లీకూతుళ్ళు ఆసుపత్రి దగ్గర దిగారు. "నీ బస్సు సల్లగుండల్లప్పా," అంది కుళ్ళాయమ్మ. ఆ మాటకు గంగాధరప్ప కళ్ళు చెమర్చాయి. బస్సు చల్లగా ఉండేది ఇంకెన్ని రోజులో ఆమెకు తెలియదు.

పెనుకొండలో అరగంట ఆగుతారు. బస్టాండు పక్క హోటల్లో గంగాధరప్ప, ఆఫీసరు ఎదురెదురుగా కూర్చున్నారు. ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. ఆఫీసరు సీటులో రెండుసార్లు సర్దుకుని నోటుబుక్కు తీశాడు.

"ముప్పై రెండు సీట్లకు ముప్పై రెండు టికెట్లు అమ్మారు. మనుషులు మాత్రం దారిలో ఎక్కిన ఇద్దరు. వాళ్ళూ దిగిపోయారు. కోడి ఒకటి. దీన్ని ఏమని రాయమంటారు?"

గంగాధరప్ప బజ్జీ పక్కన పెట్టాడు. ఇంక దాచి లాభం లేదు, దాచడం అతనికి చేతనూ కాదు. "సార్, ఉన్న మాట చెప్తా. అమావాస్య నాడు మా తట్టు ఎవురూ ప్రయాణం పెట్టుకోరు. మీరొచ్చే దినం బస్సు నిండుగా ఉండల్లని నేనే పరస్తానం పెట్టిచ్చినా. మూటలు వచ్చినాయి, మనుషులు రాలేదు. తప్పు నాది. మిగతా దినాల్లో మాత్రం ఇట్ల ఉండదు. మీరు ఏ శనివారమో వచ్చి చూడండి, కాలు పెట్టను చోటుండదు."

"ఇంకా ఇలాంటివన్నీ నమ్ముతారా ఇక్కడ?" అన్నాడు ఆఫీసరు. ఆ మాట గంగాధరప్పను చూసి కాదు, పళ్ళెం వైపు చూసి అన్నాడు.

"నమ్ముతారు సార్."

"నేను చూసింది నేను రాయాలి కదా," అని ఆఫీసరు కలం మూత తీశాడు.

అప్పుడే బయట హారను మోగింది. రోడ్డు మీద ఎర్రటి దుమ్ము లేచింది. దుమ్ములోంచి గుడిబండ నారాయణప్ప బస్సు వచ్చి సంఘం బస్సు పక్కన ఆగింది. తలుపు తెరుచుకోకముందే కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చాయి. ముందుగా దిగింది తిప్పమ్మ.

"యాడప్పా నా గొడుగు?" అంది గంగాధరప్పను చూసి. "నేను ఇంట్లో ఉంటే నా ప్రయాణం అది ఒక్కటే పోయిందే. ఇంతకంటే అపశకునం ఇంకొకటుండాదా?"

సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది. తిప్పమ్మ ఏడు గంటలకు గొడుగు ఎట్లుందో చూసిపోదామని షెడ్డుకు వచ్చింది. షెడ్డు ఖాళీ. మూటలు మనుషుల్ని వదిలేసి వెళ్ళిపోయాయన్న మాట వీధి వీధికీ పాకింది. యజమాని లేకుండా ప్రస్థానం ఊరు చేరితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అట్లా ఎప్పుడూ జరగలేదు. ముప్పై ఒక్క మంది అమావాస్యనూ మరిచిపోయి రోడ్డు మీదికి పరుగెత్తారు. అక్కడ నారాయణప్ప బస్సు నిలబడి ఉంది. ఆఫీసరు తిరిగే రోజున తన బస్సు నిండుగా కనబడితే మంచిదేనని నారాయణప్ప ముచ్చటపడి, "ఎక్కండప్పా, దుడ్లు దిగినాక ఇద్దురు" అని అందరినీ ఎక్కించుకున్నాడు.

ఇప్పుడు ఆ దుడ్ల కోసం ఆయన మెట్టు దగ్గర చెయ్యి చాచి నిలబడ్డాడు. దిగినవాళ్ళు దిగినట్లే సంఘం టికెట్టు చూపించి పక్క బస్సు ఎక్కారు.

"ఇది నా బస్సు టికెట్టు గాదు గదమ్మా," అన్నాడు నారాయణప్ప.

"మేము పోయేదీ నీ బస్సులో గాదు గదప్పా," అంది చౌడక్క, ఈరన్న చంకలోంచి తన మూట లాక్కుంటూ.

క్షణంలో సంఘం బస్సు నిండిపోయింది. ఎవరి సీట్లో వాళ్ళు, ఎవరి మూట వాళ్ళ ఒళ్ళో. యల్లక్క కోడిని గంపతో సహా కౌగిలించుకుని క్షేమం అడిగింది. ఆఫీసరు కలం పట్టుకుని హోటల్లోంచి బయటికి వచ్చి, నిండిన బస్సునూ ఖాళీ బస్సునూ మార్చి మార్చి చూశాడు. ఖాళీ బస్సు పక్కన కొత్త రంగుతో రాసిన అక్షరాలు చదివాడు.

"మీ పర్మిట్టు ఎక్కడి నుంచి ఎక్కడికండీ?" అన్నాడు.

"గుడిబండ నుంచి... హిందూపురానికి సార్," అన్నాడు నారాయణప్ప. ఆఫీసరు అది కూడా రాసుకున్నాడు. నారాయణప్ప వెంటనే బస్సు వెనక్కి తిప్పుకున్నాడు.

ఈరన్న టికెట్లు సరిచూసుకుంటూ వచ్చి మూడో వరస దగ్గర ఆగాడు. కిటికీ పక్కన ఖాకీ సంచి ఒంటరిగా ఉంది.

"ముప్పై ఒకటి. ఇదెవురిదప్పా?"

మిగతావాళ్ళందరి మూటలూ వాళ్ళ వాళ్ళ ఒళ్ళోనే ఉన్నాయి.

"అయితే బండి కదిలేదానికి లేదు," అంది తిప్పమ్మ. "ఇంకొక మూట మనిషి లేకుండా పోయేది నేను చూడలేను. తెరిచి చూడు, పేరేమన్నా ఉంటుంది."

బస్సులో అందరూ ఔనంటే ఔనన్నారు. ఈరన్న సర్క్యులర్లలో సంచి తెరవకూడదన్న నిబంధన ఏదీ లేదని నిర్ధారించుకుని, తాడు మీద చెయ్యి వేశాడు.

"తెరవకండి," అన్నాడు ఆఫీసరు.

బస్సంతా ఆయన వైపు తిరిగింది. కోడి కూడా గంపలోంచి తల పెట్టి చూసింది. ఆఫీసరు కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన టికెట్టు ఒకటి తీసి ఈరన్నకు ఇచ్చాడు. ఈరన్న నంబరు చూసి, తల ఊపి, చించి సగం తిరిగి ఇచ్చాడు. ఆఫీసరు మూడో వరసకు పోయి, సంచిని ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చున్నాడు. పెనుకొండ దాకా ఇంజను మీద కాలిన మనిషి మెత్తటి సీటు మీద కూర్చోగానే ఒక నిట్టూర్పు వచ్చింది. దాన్ని ఆపుకోలేకపోయాడు.

"మా ఆవిడ ఒప్పుకోదండీ," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "అమావాస్య అని పక్షం రోజుల నుంచీ ఒకటే గొడవ. బంగళాలో కావలివాడు ఇక్కడ ఇలా పెడుతున్నారని చెప్పాడు."

ఎవరూ నవ్వలేదు. తిప్పమ్మ ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "మంచి పని చేసినావు నాయనా. మగోళ్ళకు ఇంతమాత్రం తెలివి ఉండేది తక్కువ," అంది. యల్లక్క కోడి గంపను కొంచెం పక్కకు జరిపి ఆయన కాళ్ళకు చోటిచ్చింది.

సోమందేపల్లి వరకు, పెనుకొండ వరకు, తన సీటు తన కళ్ళ ముందే ఉండగా ఇంజను మీద కూర్చున్న మనిషి మీద గంగాధరప్పకు కోపం రావాలి. రాలేదు. దానికి బదులు సోదరుడి మీద వచ్చేంత ప్రేమ వచ్చింది. బస్సు ధర్మవరం వైపు కదిలింది. అతను కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. అతని సంఘం బస్సులో అతనికి కాలు మార్చుకోవడానికి కూడా చోటు లేదు.

ధర్మవరంలో రంగప్ప మగ్గాల వీధిలో ఆకులు వేయించాడు. వడలు, పాయసం. అభివృద్ధి సమావేశం జరిగిందని మినిట్సు పుస్తకంలో ఉంది, అందులో ఏం మాట్లాడారో ఎవరికీ గుర్తు లేదు. ఆఫీసరు రెండోసారి పాయసం వేయించుకున్నాడు. సాయంత్రం తిరుగు బస్సు పెనుకొండలో ఆగినప్పుడు కుళ్ళాయమ్మ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆడపిల్ల పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమట. ఈరన్న ఆ మాట బస్సంతా వినబడేట్టు చెప్పాడు.

పర్మిట్టు నిలిచింది. రిపోర్టు నకలు పదిహేను రోజులకు వచ్చింది. "బస్సులో ముప్పై రెండు సీట్లకు ముప్పై రెండు మంది కలరు. అధ్యక్షునకు సైతం సీటు లభించలేదు. అమావాస్య దినమున కూడా జనులు ఈ బస్సు కొరకు వేరొకరి బస్సులో వెంబడించి వచ్చిరి. ఒక బస్సు చాలదు. రెండవది అత్యవసరము," అని ఉంది. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. గంగాధరప్ప దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి నాగేంద్రమ్మకు చదివి వినిపించాడు.

"రాజీ అయినట్లుండాది," అంది ఆమె.

మరి కొన్ని నెలలకు రెండో బస్సు వచ్చి షెడ్డులో రంగు వాసనతో నిలబడింది. ఒకరోజు పొద్దున గంగాధరప్ప వరండాలో కూర్చుని కోళ్ళ సర్క్యులర్ మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటి వాక్యం పూర్తి కాకముందే అనంతపురం నుంచి ప్యూను వచ్చి కవరు ఇచ్చాడు. కొత్త బస్సు ప్రారంభోత్సవం ఎల్లుండి. ఆఫీసరు గారే వచ్చి మొదటి ప్రయాణం చేస్తారు. గంగాధరప్ప లేచి క్యాలెండరు దగ్గరికి పోయాడు. ఎల్లుండి అమావాస్య.

ప్యూను కవరు ఇచ్చాక కూడా పోలేదు. చంకలోని ఖాకీ సంచిని తీసి బల్ల మీద పెట్టాడు. "మూడో వరస, కిటికీ పక్కన పెట్టించమన్నారండీ," అన్నాడు.

కొత్త సర్క్యులర్ కోసం వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్న ఈరన్న చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, సంచికి టికెట్టు రాశాడు.